మూడో కిటికీ

కిసుము చిన్న దావాల కోర్టులో
మూడో కిటికీ నాది.
గాజుకి అవతల లోకం, ఇవతల నేనూ, ఒక స్టాంపూ.
దారి చెప్పొచ్చు, సలహా చెప్పకూడదని
గోడమీద బోర్డు.
రెంటికీ మధ్య గీత ఎక్కడుందో
పదకొండేళ్ళైనా నాకు సరిగా తెలీదు.

అకెయో ఒక మంగళవారం వచ్చింది,
మెళ్ళో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి.
అరవై నాలుగు యూనిఫారాలు కుట్టిందట.
బడి పెట్టినాయన ఒబుయా సగం డబ్బిచ్చి
మిగతా సగానికి నవ్వి పంపాడట.
"ఆయన్ని లోపలెప్పుడు వేస్తారు?" అంది.

వెయ్యరమ్మా.
ఇది జైలుకెళ్ళే తలుపు కాదు.
నీకు రావలసింది నీకు ఇప్పించే చోటు, అంతే.
అడుగుతున్నావు గనక నువ్వు వాదివి,
జవాబు చెప్పాలి గనక ఆయన ప్రతివాది.
పేర్లు పెద్దవి గానీ
మనుషులు మీరిద్దరే.

ఫారం ఇస్తే రెండు వైపులా నింపుకొచ్చింది:
మిషను పెడల్ విరగడం, కరెంటు లేని రాత్రులు,
వేట్లోకి సూది దిగినట్టు వేలిలోకి దిగిన సూది,
సంఘంలో చీటీ కట్టలేక తల దించుకోవడం.
బోర్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాను.
బాధ కాదు, తేదీ రాయి.
ఏ రోజు అడిగారు, ఎన్ని, ఎంతకి,
ఏ రోజు అప్పజెప్పావు.
ఆమె ముఖం చిన్నబోయింది.
ఆ కాగితం మీద కొట్టేస్తున్నది
తన ఏడాదినని నాకు తెలుసు.

సమన్లు ఆయన చేతికి చేరాలి,
చేరినట్టు రుజువు మళ్ళీ ఇక్కడికి రావాలి.
చెప్పుకోమని పిలవకుండా ఎవర్నీ ఓడించరు,
నవ్వి పంపినవాణ్ణి కూడా.
ఒబుయా జవాబు పంపాడు:
అసలు ఒప్పందమే లేదు, కుట్టు బాగాలేదు.
రెండూ ఒకే కాగితంలో.

"లాయరు లేకుండా నెగ్గుతానా?"
సరస్సు ఒడ్డున ఒమెనా తూస్తారు కదా,
గోరంత చేపలు.
పళ్ళెం నేలకి తగలక్కర్లేదు,
ఒక్క చేప ఎక్కువైతే ముల్లు ఇటు తిరుగుతుంది.
దొంగతనం కేసుకి ఆ తూకం చాలదు,
బాకీ తగాదాకి చాలు.
ఇది దారా, సలహానా?
బోర్డు ఏమీ అనలేదు.

విచారణ రోజు ఫైళ్ళందిస్తూ లోపలే ఉన్నాను.
"రాతలో ఏమైనా ఉందా?" అడిగారు జడ్జి మేడం.
అకెయో సంచిలోంచి
మిషను నూనె మరకల నోటుపుస్తకం తీసింది.
అరవై నాలుగు పేర్లు, ఛాతీలు, నడుములు.
పదిహేడో పేజీలో ఒక పాప:
అదోయో, ఎడమ చెయ్యి అంగుళంన్నర పొట్టి.
"ఒప్పందమే లేకపోతే
ఈ పిల్ల చేతిని ఈవిడ ఎందుకు కొలిచింది?"
ఒబుయా కిటికీలోంచి బయటికి చూశాడు.
అక్కడ సరస్సు తప్ప ఏమీ లేదు.

డిక్రీని నాలుగు మడతలు పెట్టి పట్టుకుని
"మరి డబ్బు?" అంది.
ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా
నేను స్టాంపు ప్యాడు సర్దుకుంటాను.
డిక్రీ అంటే డబ్బు కాదమ్మా,
ఇమ్మని గట్టిగా అడిగే హక్కు.
ఓడినవాడు కోర్టులో ఏడిస్తే
గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడంటారు.
ఇంటికెళ్ళేలోపు దారిలో
అయిదో కిటికీ ఉంది. అమలు అని రాసి ఉంటుంది.

మూడు వాయిదాలన్నారు.
మొదటిది ఫోన్లో పడింది. రెండోది పడలేదు.

నిన్న మళ్ళీ వచ్చింది. నన్నేమీ అడగలేదు.
అయిదో కిటికీకి పోతూ పోతూ
నా లైన్లో ఒక ముసలి పడవవాడి దగ్గర ఆగింది.
వలలు అద్దెకిచ్చి మోసపోయాడట,
ఫారం వెనక వైపు కూడా నింపేస్తున్నాడు.
టేపు కొసతో అతని మోచేతిని తట్టి
ఏదో అంది.
గాజు అడ్డం, నాకు వినపడలేదు.
ఆయన రాయడం ఆపి
వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకోసాగాడు.