నష్టం సున్నా

కాశీబుగ్గ రోడ్డు పక్క గొయ్యి.
వెంట్రుక కన్నా సన్నని గాజుపోగుకి
మరో పోగు అతికిస్తున్నాను.

మాటలమ్మి బతికే రోజులు పోయాయన్నాడు
మొన్న మీటింగులో మా ఆఫీసరు.
నిమిషానికింతని లెక్కేసి
మిస్డ్ కాల్‌తో కబురంపిన ఊరు ఇది.
ఇప్పుడు మాట ఊరికే,
కాపలాకే ఖరీదు.
తీగలో ఏఐ కూర్చుని
దొంగని వాసన పట్టేస్తుందట.

జీడిపిక్కల బట్టీ నుంచి దాలమ్మ వచ్చింది.
పిక్కనూనెకి ముద్రలరిగిన వేళ్లతో
ఫోను చూపించింది.
బ్యాంకు పేరుతో కాల్, ఎర్రగా.
"మంచి పనే బాబూ" అంది.

అంతలో మేస్త్రీ ఫోను.
మూడు వారాల కూలి ఎగ్గొట్టినవాడు.
తెర పచ్చగానే మెరిసింది.

"ఈడికేటి, ఎరుపు రాదా?"

గొయ్యిలోకి వంగాను.
పోగు అతుక్కుంది.
నష్టం సున్నా అని చూపించింది
మిషను.