చప్పుడు చెయ్యకుండా తినేవి

ట్రాబ్‌జోన్‌లో వాన పట్టుకుంటే
వారం దాకా వదలదు.
నా డ్యూటీ కూడా అంతే.
రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా
ఆసుపత్రి నేలమాళిగలో
మనుషుల తలలకు లోపలి ఫోటోలు తీస్తాను.

బుర్ర తినకు, అంటాం కదా
వాగేవాణ్ణి చూసి.
అసలు తినేవి వాగవు.

మిషన్లోకి పంపేముందు
కాగితం మీద ప్రశ్నలుంటాయి.
ఎన్ని గంటలు నిద్రపోతారు? నడుస్తారా? పొగ?
రోజూ ఎవరితోనైనా మాట్లాడతారా?
అడిగేది నేనే, రాసేదీ నేనే.
నన్నెవరూ అడగరు.

అడిగితే, ఇదిగో:
నాలుగు గంటలు. అదీ ముక్కలు ముక్కలుగా.
మిగిలిన పగలంతా తెరలు దించుకుని
దుప్పటి కింద ఫోను.
ముక్కూ మొహం తెలియని ఒకావిడ
ఎవరిదో వంటగది తోముతుంటుంది
నేను రెప్ప వెయ్యకుండా చూస్తుంటాను,
నా సింకు నిండా గిన్నెలు.

నడుం సన్నని గ్లాసులో టీ,
గ్లాసుకి మూడు చక్కెర బిళ్లలు,
రాత్రికి ఎనిమిది గ్లాసులు.
పొద్దున తిండి ఉండదు
తిందామనుకునే వేళకి
ఆకలి అలిగి వెళ్లిపోయి ఉంటుంది.
మిషను డమడమా మోగుతుంటే
దాన్ని మించిన మోత చెవుల్లో పెట్టుకుంటాను.
ఇంటికెళ్లాక కూడా తియ్యను.

నిన్న తహ్సిన్ గారు వచ్చాడు
సూర్మెనెలో వలలు బాగుచేసిన మనిషి.
పెద్దావిడ పోయి ఆరేళ్లంది కోడలు
అప్పట్నించీ టీవీ, ఆయనా.
వినికిడి మిషను డ్రాయర్లోనే ఉందట
"ఎవరి మాటలు వినాలని?" అంటాడట.

నా గడియారం చూపించి ఇదేమిటన్నాను.
"అదే... అది... నోట్లోనే ఆడుతోంది" అన్నాడు.
ఆడుతూనే ఉంది
బయటికి రాలేదు.

గౌను తాడు మెడ వెనక కట్టబోతే
నా చెయ్యి పక్కకు తోశాడు.
తనే కట్టుకున్నాడు, కంటికి కనపడని చోట,
తడబడకుండా, ఒక్క ముడి.
తర్వాత అది విప్పడానికి
నాకూ కోడలికీ పావుగంట పట్టింది.
ఏం ముడి ఇది, అనడిగితే
మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి
నవ్వాడు.

మూడింటికి మిషన్‌ని సరిచూసుకోవాలి.
ఎవరో ఒకరు పడుకోవాలి కనక
జెలాల్ నన్ను పడుకోమన్నాడు.
కాగితం తీసి, పెద్దమనిషిలా
"నిద్ర?"
"ఏడు గంటలు."
"నడక?"
"రేవు దాకా, రోజూ."
"మాట్లాడేవాళ్లు?"
"బోలెడుమంది."
తలెత్తకుండా రాసుకున్నాడు.
పోయినసారి నేను అడిగినప్పుడు
వాడు చెప్పినవీ ఇవే.

తెర మీద నా మెదడు
అప్పుడే ఒలిచిన అక్రోటు గింజలా ఉంది.
"ఏం లేదు, బంగారంలా ఉంది" అన్నాడు.
ఏం లేదన్న మాటకి
అంత భయం వేస్తుందని నాకు తెలియదు.
కొత్త అప్పుల పుస్తకం కూడా
మొదట్లో ఇంత తెల్లగానే ఉంటుంది.

పొద్దున బస్సు ఎక్కలేదు.
ప్రతిజ్ఞలేం చెయ్యలేదు,
చిల్లర లేదంతే.
వానలో గుట్ట ఎక్కి వచ్చేసరికి
మెట్ల మీద ముసలి మువెద్దెత్,
చేతిలో చేపల సంచీ.
రెండేళ్లుగా గోడ అవతల ఆమె దగ్గు విన్నాను.
విన్నానా? చెవుల్లో మోత లేని రోజుల్లో.
"పట్టుకోనా?" అన్నాను.
సంచీ ఇవ్వలేదు.
"నీ గొంతు ఇలా ఉంటుందా, అమ్మాయీ!
లావుగా ఉంటుందనుకున్నా" అంది.

లోపలికొచ్చి, తడి బూట్లతోనే
వంటింటి మధ్యలో నిలబడిపోయాను.

ఎందుకొచ్చాను ఇక్కడికి?

పెనం, అటక, కిటికీ,
కిటికీ అవతల బూడిదరంగు సముద్రం.
ఏదీ అందివ్వలేదు.
నోట్లోనే ఆడుతోంది.

కుళాయి తిప్పాను.
నీళ్ల కోసమే అయ్యుంటుంది.
అలా అనుకుని
గ్లాసు నిండా తాగాను.