ఉత్తమపురుష, బహువచనం

మంగళవారం సాయంత్రం ఆరింటికి
ఆసుపత్రి నేలమాళిగలో, తడిగొడుగుల పక్కన
నేను ఫిన్నిష్ చెబుతాను.
అద్దె కోసం. దాచడమెందుకు.

పగలు నా పని వేరు:
రెండు దేశాల యుద్ధకవిత్వంలో
ఉత్తమపురుష బహువచనం మీద పరిశోధన.
నాలుగో ఏడు, మూడో అధ్యాయం.
ఇప్పటికి రెండువేల చిల్లర 'మె'లు ఏరాను,
ఒక్కొక్కదానికి ఒక చీటీ, చీటీకో రంగు.
"లెక్క బాగుంది, మనుషులేరీ?" అని
మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసింది ప్రొఫెసర్ రాకెల్.
రబ్బరు పెట్టి చెరిపేశాను.

తూర్కులో నవంబరంటే
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు.
ఎనిమిది మంది నర్సులు, మనీలా వాళ్ళు, సెబూ వాళ్ళు,
డ్యూటీ దిగి, బూట్లు విప్పి,
క్రియలకు ప్రత్యయాలు తగిలిస్తుంటారు
సెలైన్ సీసా తగిలించినంత శ్రద్ధగా.

బోర్డు మీద 'మె' అని రాశాను.
"ఏ మె?" అంది లుజ్విమిందా.
ఒకటే ఉంది, అన్నాను.
"మాకు రెండు.
తాయో అంటే నువ్వూ ఉన్నావు.
కామీ అంటే నువ్వు లేవు."

పెన్ను మూత పెట్టాను, మళ్ళీ తీశాను.

"పదింటికి హెడ్‌నర్సు తూలిక్కి లేచి
మె మెన్నాన్ కహ్విల్లె అంటుంది.
అందరూ కోట్లు తొడుక్కుంటారు.
నేనూ ఒక చెయ్యి దూర్చి ఆగిపోతాను.
కాఫీకి పిలిచిందా, వెళ్తున్నట్టు చెప్పిందా?
పదిహేను వారాలైంది, అడగలేదు టీచర్.
కాదంటుందని భయం కాదు.
'అయ్యో, నువ్వూ రా' అంటుందని."

వ్యాకరణం తిరగేశాను,
పేజీలు కదులుతున్నట్టు కనబడాలిగా.
వెనకనించి ఎవరో: "అందుకే నేను ఫ్లాస్కు తెచ్చుకుంటా."
గది గదంతా నవ్వింది.
నేనూ నవ్వాను. సగంలో అనుమానమొచ్చింది,
ఈ నవ్వు తాయోనా, కామీనా.

రెండువేల చిల్లర చీటీలు.
ఏ ఒక్కదాని మీదా రాసుకోలేదు
ఆ మాట అన్నప్పుడు
గుమ్మం బయట ఎవరు నిలబడ్డారో.

ఎనిమిదిన్నరకు వాచ్‌మన్ తాళాలు ఆడించాడు.
బోర్డు తుడిచాను. పాత మార్కరు, 'మె' సగమే పోయింది.
"మెన్నాన్" అన్నాను.
మా భాషలో వెళ్దామన్నా అదే,
వెళ్తున్నామన్నా అదే.

కోటులో ఒక చెయ్యి పెట్టి
లుజ్విమిందా నా వంక చూసింది.
'నువ్వూ' అనబోయి నాలుక కరుచుకుని
తలుపు తెరిచి పట్టుకున్నాను.

"చలి లోపలికొస్తోంది" అన్నాడు వాచ్‌మన్.
రానీ అన్నాను.