స్టాకు రిజిస్టరుకెక్కనివి

రేపు మీరు చార్జి తీసుకుంటరు గదా మేడం,
రిజిస్టర్ల రాసినయన్నీ లెక్కకు సరిపోతయి.
కుర్చీలు రెండు, బీరువ ఒకటి,
గ్లోబు ఒకటి, ఆస్ట్రేలియా కాడ సొట్ట.
ఈ కాయితం
రిజిస్టరుకెక్కని వాటి గురించి.

బీరువ కింది అరల నూనె డబ్బ ఉన్నది,
దాన్నిండ చింతగింజలు.
ఒక దిక్కు బండ మీద అరగదీసి
తెల్లబడ్డ చోట నల్లరంగుతోని అక్షరం పెట్టిన.
ఎండకాలం సెలవులన్నీ ఇదే పని.
మా ఆయన నవ్విండు,
పిల్లలతోని అష్టాచెమ్మ ఆడుతవా ఏందని.
ఆడిన.
'క' పడ్డోడు 'క' మాట చెప్తెనే కాయ పండుతది,
చెప్పకపోతె మళ్ల మొదటి గడికే.

పెండ్లి పత్రికలు పారేయకుండ్రి అని ఊరంత తిరిగి చెప్పిన.
మూడేండ్ల శుభలేఖలు అట్టలైనయి,
ముందర బొమ్మ,
వెనుక సగం తెగిన పెండ్లికొడుకు పేరు.
పిల్లలు బొమ్మను ఇడిసిపెట్టి
ఆ పేరునే కూడబలుక్కుంటరు,
చి, రం, జీ,
ఆ తర్వాత కత్తెర.
తిట్టకుండ్రి,
చదువు వెనుక దిక్కు నుంచి గూడ ఒస్తది.

కంది బొమ్మకు రెండు కార్డులుంటయి, పొరపాటు గాదు.
నింగప్ప దాన్ని చూసి తొగరి అన్నడు.
ఇంట్ల కన్నడం, బడిల తెలుగు,
చేన్ల మాత్రం ఒక్కటే పంట.
మొదటినాడు తప్పు అన్న.
రెండోనాడు సిగ్గయి ఇంకో కార్డు రాసిన.

నారాయణపేట మగ్గాల కాడ తెగిపడ్డ పోగులు
గుడులకు, కొమ్ములకు, దీర్ఘాలకు.
జిగురుతోని అతికిచ్చిన,
కండ్లు మూసుకొని వేలుతోని చదువొచ్చు.
'ఋ' ఒక్కటి ఎప్పుడు ఊడొస్తది,
దాని తోక ఏ జిగురుకూ లొంగదు.

రాగిపిండి చల్లిన చాట మీద రాసుడు
పది గంటల లోపల్నే కానియ్యాలె,
తర్వాత ఆ పిండి జావకు కావాలె.
అట్ల ఎన్ని 'అ'లు తాగినమో మేము.
వంట ఈరమ్మకు 'ఈ' ఒక్కటే ఒచ్చు,
తక్కినయి ఇరుగుపొరుగోళ్లయి, నాకెందుకంటది.

ఇగ అసలు సంగతి.
అక్షరాల కార్డులు లెక్కబెడితె ఒకటి తక్కువొస్తది.
ఙ.
దాని మీద బొమ్మ లేకుండె,
ఏ పుస్తకంల చూసినా ఆ గడి బోడిగనే ఉంటది.
ఎనిమిదేండ్లు దాన్ని దాటేసిన,
'ఘ' మీంచి 'చ' మీదికి
గుంత దుంకినట్టు.
నింగప్ప దుంకలేదు.
టీచర్, దీనికి ఇల్లు లేదా? అన్నడు.
నువ్వే యెతుకు పో అన్న,
తప్పించుకునేటందుకు.

నాలుగొద్దులు యెతికిండు,
ఈరమ్మనడిగిండు, మక్తల్ బస్సు కండక్టరునడిగిండు.
అయిదోనాడు బెల్లు కొట్టే వంతు వానిది.
మన బెల్లు చూసిండ్రు గదా,
యాపకొమ్మకు యేలాడేసిన రైలుపట్టా ముక్క.
కొట్టిండు. అందరు లోపటికురికిరి.
వాడు పట్టాకు చెవి ఆనిచ్చి నిలబడ్డడు.
ఠంగుమన్న చప్పుడు పోయినంక
ఇనుము లోపల ఇంకా మిగులుతదే,
సన్నగ, నోరు తెరవకుండ,
అగో అది.
టీచర్, ఇండ్ల ఉంటుంది! అని ఒర్లిండు.

ఆ రాత్రి హాజరుపట్టీ ముందటేసుకొని
మెల్లగ పిలిచి చూసిన, నింగప్ప.
'ని' తర్వాత, 'గ' కన్న ముందు,
సున్న అని రాసిన చోట
నాలుక ఎనకకు పోయి అంగిట్ల తాకింది.
రెండేండ్ల సంది రోజూ పొద్దున పిలుస్తున్న,
అది ఆడనే ఉన్నది,
సున్న ముసుగేసుకొని.

అందుకే ఆ కార్డు డబ్బల లేదు.
వాని అంగి జేబుల ఉన్నది,
చెమటకు మెత్తబడి.
అడగకుండ్రి.
తగ్గిన ఒక్కటి నా పేరు మీద రాసుకోండ్రి.

బెల్లయినంక పిల్లలు జర ఆలస్యంగ ఒస్తరు,
ఇప్పుడు అందరు చెవి పెడుతున్నరు.
చింతగింజల డబ్బల యాపాకు
నెలకోసారి మార్చుండ్రి, పురుగు పడ్తది.