ఇరవై రెండు సెకన్లు

హల్ పట్టణంలో నదిది
బట్టలు ఉతికిన నీళ్ళ రంగు.
ఒడ్డున, మూతబడ్డ చేపల గోదాము పక్కన
మా థియేటరు.
ముందు గుమ్మం దీపాలది, టిక్కెట్లది.
నాది వెనక గుమ్మం:
తుప్పు గొళ్ళెం, తడి గొడుగులు, సంతకాల పుస్తకం.

నా ఉద్యోగాన్ని ఇక్కడ డ్రెస్సర్ అంటారు.
మన భాషలో ఏమనాలో తెలీదు.
తెనాలిలో దుర్యోధనుడి కిరీటాలకి
చమ్కీలు అంటించిన మా మేనత్తని
"ఆ వేషాలావిడ" అనేవాళ్ళు.
అదే అనుకోండి.

రెండో అంకంలో దొరసాని విధవరాలవుతుంది.
ఎర్ర గౌనులోంచి నల్ల గౌనులోకి
ఇరవై రెండు సెకన్లు.
చీకటి. నోట్లో చిన్న టార్చి,
మోకాళ్ళ మీద నేను.
పైకి కనపడే పదిహేడు కొక్కేలూ ఉత్త అలంకారం,
లోపలంతా వెల్క్రో.
ఊడదీస్తే చర్రుమంటుంది.
సరిగ్గా అప్పుడే వేదిక మీద తుపాకి పేలుతుంది.
అది నా కోసమే పేలుతుందని
నాటకం రాసినాయనకి తెలీదు.

ఐలీన్ థ్రోసెల్.
అసలు వయసు డెబ్బై ఒకటి, దీపాల కింద యాభై.
పదహారేళ్ళుగా ఆ ఒంటిని
ఆమె డాక్టరు కన్నా నేనే ఎక్కువ చూశాను.
ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు.
అబద్ధం ఆడితే కాలి బొటనవేళ్ళు ముడుచుకుంటాయి.
భయం మాత్రం మెడ వెనక చెమటగా వస్తుంది.

ఫిబ్రవరిలో ఒక గురువారం
చీకట్లో ఆ మెడ తడిసింది.
"టాయారా, బయటికెళ్ళి నేను ఏమనాలి?"

తొమ్మిది వారాలుగా గోడ స్పీకర్లోంచి
నాటకమంతా ఇస్త్రీ ఆవిరితో పాటు
నాలో ఇంకిపోయి ఉంది.
పద్యం మరిచిన కృష్ణుడికి
హార్మోనియం చాటు నుంచి అందించినట్టు
రెండో చెయ్యి తొడుగుతూ చెవిలో చెప్పాను:
"ఆ కిటికీ ఎవరు తెరిచారు?"

వెళ్ళి అదే అంది.
మొదటి మాట నా యాసలోనే పలికి,
జారిన శాలువాలా వెంటనే సర్దుకుంది.

ఆ తర్వాత రోజూ.
ఏప్రిల్‌కి ఒక మాట ఆరయింది.
నేను ఊపిరి తీసుకుని చెప్పేంతసేపు
ఆమె గుమ్మం దగ్గర ఆగేది.
పత్రికలో రాశారు:
దుఃఖం మాట కోసం వెతుక్కునే ఆ మౌనం
ఈ ఏటి నటనకే తలమానికమని.
ఆ ముక్క కత్తిరించి
కుట్టుమిషను డ్రాయర్లో దారాల కింద పెట్టాను.
వెతుక్కున్నది దుఃఖం కాదని
నాకు తెలుసు, ఆమె బొటనవేళ్ళకి తెలుసు.

ఆఖరి ఆట అయిపోయింది.
కాగితం కప్పుల్లో వైను, పూలగుత్తులు.
నల్ల గౌనులోనే నిలబడి
ఐలీన్ అందరికీ పేరుపేరునా దండం పెట్టింది.
దర్శకుడికి, దీపాల కుర్రాడికి,
ఎలుకల్ని పట్టని థియేటరు పిల్లికి.
"ఇంకా, ఇన్నేళ్ళూ చీకట్లో నన్ను..."

ఆగింది.
చూపు తెర పక్కకి వచ్చింది, నా వైపు.

మూడక్షరాలు.
నా నాలుక చివరే ఉన్నాయి.
నాలుగు నెలలు మాటలు అందించినదాన్ని
ఆ ఒక్కటీ అందించలేకపోయాను.
తన పేరు తానే చాటు నుంచి చెప్పుకోవడం
మా ఇంటా వంటా లేదు.

ఆమె గొంతు పూడుకుపోయిందనుకుని
అందరూ చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను.

పక్కకి వచ్చి, అలవాటుగా,
నాకు వీపు తిప్పి నిలబడింది.
మెడ తడిగా ఉంది.
తుపాకి ఇవాళ్టికి పేలేసింది.
చెయ్యి వేసి లాగాను.
వెల్క్రో పైనుంచి కిందిదాకా
చర్రుమంది.
వైను తాగుతున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు
వెనక్కి తిరిగి
ఏమిటా చప్పుడని చూశారు.