నీళ్లు పడిన చోటు

మే నెల. అనంతపురం.
గోడ మీది మీటరులో తేమ పద్దెనిమిది.
ఈ గాలికి పిండిన చీర
దండెం చేరేలోపే ఆరిపోతుంది.

నాకేమో తడిసిన గాలి కావాలి.
గాజుపళ్లెంలో పల్చగా పోసిన ద్రావణం
క్లోరోఫాం ఎగిరిపోతూ చల్లబడుతుంటే
దాని మీద మంచులా దిగాలి నీటి చుక్కలు,
ఒకదాన్నొకటి ఒరుసుకుని
ఆరుగురి మధ్య ఒకరుగా సర్దుకుని కూర్చోవాలి.
తర్వాత లేచి వెళ్లిపోవాలి.
అవి కూర్చున్న గుంటలే గదులు.
ఈగ వాలని తేనెపట్టు.

మూడు వారాలుగా నాకొచ్చింది
పొంగని అప్పడం.

సుభాష్ రోడ్డులో చేపల తొట్లమ్మే అంగట్లో
నాలుగొందల ఇరవైకి గాలి పంపు తెచ్చాడు
మా అటెండరు పెన్నోబులేసు.
సీసాలో నీళ్లు, నీళ్లలో గొట్టం,
బుడబుడమంటూ పళ్లెం పెట్టెలోకి గాలి.
అద్దం మీద ఊదినట్టు
పొర తెల్లబడింది.
అంతసేపూ నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను.

మైక్రోస్కోపులో ముందు అతన్నే చూడమన్నాను.
ల్యాబుకి రాకముందు పదకొండేళ్లు
బోరు లారీ మీద పనిచేసిన మనిషి.
ఒక కన్ను మూసి చాలాసేపు చూసి
"ఇన్ని బోర్లు ఎవురేసినారు మేడం?"
నీళ్లే, అన్నాను.
"పడినాయా?"
పడ్డాయి. పడి వెళ్లిపోయాయి.
తల ఎత్తలేదతను.
"మేమేసిన చోట కూడా బొక్కలే మిగిల్నాయి.
నీళ్లే పళ్యా."

గురువారం కణాలు విత్తాము.
విత్తడమనే అంటాం మేమూ.
మొదటిరోజు ఎవరికి వాళ్లే గుండ్రంగా ముడుచుకుని,
హాస్టల్లో దింపేసి వెళ్లిన రాత్రి పిల్లల్లాగా.
మూడోనాటికి గట్ల మీద కాళ్లు చాపాయి.
ఒకటైతే రెండు గుంటలు దాటించి చేయి చాచి
పక్కదాన్ని పట్టుకుంది.

దీన్ని చర్మం అనడానికి ఇంకా చాలా దూరం.
ఏ కాలిన వీపు దాకానో ఇది చేరేసరికి
నేను రిటైరైపోతానేమో.

గోడ పూత అయ్యాక మేస్త్రీ పరంజా విప్పుకుపోతాడు కదా,
ఈ పరంజా లోపలే, తనంతట తానే
కొన్ని నెలలకు కరిగిపోతుందని చెప్పాను.
"మరి ఇప్పిన కూలి ఎవురికియ్యాల?"
అని నవ్వాడు.

సాయంత్రం స్విచ్చి మీద చెయ్యి వేశాను.
పెన్నోబులేసు తాళంచెవి పట్టుకుని గుమ్మంలో
వెళ్లకుండా నిలబడ్డాడు.
"ఇంగ రొంచేపు ఉండనీ మేడం.
ఆ సప్పుడు ఇనాలని
ఎన్నూర్ల గడ్డన నిలబడినానో."