మోకాళ్లకి గడి లేదు

జాంబేజీ వరద తీసిన రెండో వారం.
మోంగు నుంచి పడవలో నాలుగు గంటలు.
టాబ్లెట్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి
చంటిబిడ్డలా ఒంటికి కట్టుకున్నాను.
పడవవాడు నవ్వాడు: "ఏడవదు కదా అది?"

ముప్పై రెండు ప్రశ్నలు.
ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు.
జనానికి జరిగిన మేలుని
రాజధానిలో ఎవరో గళ్లుగా కోసి
నా చేతికిచ్చి పంపారు.

నాలిషేబో చేపలు ఎండేస్తోంది.
"ఆన్‌లైన్ సేవ వల్ల మీకెంత సమయం ఆదా అయింది?"
ఒక చేపని తిరగేసింది.
"ఆదా అయింది ఎక్కడ దాస్తారమ్మాయీ?
నా దగ్గరైతే లేదు."

కాసేపటికి తనే లెక్క చెప్పింది,
నా గళ్లకి అందని వరసలో.
ఇదివరకు పడవలో ఒక పగలు,
ఆఫీసు అరుగు మీద రెండు రాత్రులు,
గుమస్తా చెయ్యి తడపడానికి రెండు పెద్ద చేపలు.
ఆ తడి ఆరేలోపు తలుపులు మూసేవాళ్లు.
ఇప్పుడు మామిడిచెట్టు కింద అకపెల్వా,
ఒక సోలార్ పలక, అద్దం పగిలిన ఫోను,
కాగితానికి ఇరవై క్వాచాలు.
మనవరాలు లుంగోవే పుట్టిందని
తొమ్మిదో రోజుకల్లా ప్రభుత్వం ఒప్పుకుంది.
అప్పటికి ఆ పిల్లకి ఏడేళ్లు.

"అయితే అయిదు వేయనా?"
"ఆగు."

తల్లి ఫోను నంబరు దగ్గర ఎర్రచుక్క ఉందట.
నింపకపోతే ముందుకు కదలదట.
తల్లి లేదు.
పిల్లని కన్న రాత్రే పోయింది.
ఆ చావు రాయించడానికి వెళ్లినప్పుడు
గుమస్తా, లంచగొండే,
మాట విని కలం కింద పెట్టాడు.
తల దించుకున్నాడు.
ఆ తర్వాతే రెండో చేప అడిగాడు.

ఎర్రచుక్క తల దించుకోదు.
అకపెల్వా తన నంబరే కొట్టేశాడు.
అలా ఈ ఒడ్డున నలభై ముగ్గురు పిల్లలకి
సర్కారు లెక్కల్లో తల్లి, అకపెల్వా ఫోను.
పిల్లలు అతన్ని "అమ్మా" అని పిలిచి పారిపోతారు.
అర్ధరాత్రి ఓటీపీ మోగితే
పాలకి లేచినట్టు లేస్తాడట పాపం.

ఇది రాయడానికి గడి లేదు.
అరచేతి మీద రాసుకున్నాను.

శాశ్వత చిరునామా?
నదివైపు చెయ్యి చూపించింది.
"నాలుగు నెలలు చేపలది. మిగతా అంతా మాది.
వరదప్పుడు వచ్చి అడుగు,
అవే చెబుతాయి."

చివరి ప్రశ్న.
ఈ సేవలో అన్నిటికన్నా మీకు నచ్చిందేమిటి?
వెంటనే చెప్పలేదు.
ఎండుతున్న వరస మొత్తం తిరగేసి వచ్చి
నా ఎదురుగా చతికిలబడి
చితెంగె అంచు కాస్త పైకి లాగింది.
మోకాళ్లు. ఏనుగు తోలులా కాయకట్టినవి.
"ఆ కిటికీ ముందు మోకరిల్లి
చప్పట్లు తట్టాకే నోరు విప్పాలి.
మా అమ్మ అలాగే. నేనూ అలాగే.
ఈసారి అకపెల్వా స్టూలు వేశాడు.
కూర్చుని అడిగాను.
మట్టి అంటలేదు."

గళ్లు వెతికాను.
వేగం. ఖర్చు. సౌలభ్యం. భద్రత.
ఇతరములు.
అందులో "మోకాళ్లు" అని కొట్టాను.
అక్షరదోషమేమో చూసుకోమంది యంత్రం.

పంపుదామంటే సిగ్నల్ లేదు.
చెదపుట్ట ఎక్కమంది లుంగోవే,
ఊరంతా ప్రభుత్వాన్ని అక్కడి నుంచే పిలుస్తారట.
పుట్ట నిటారుగా ఉంది.
టాబ్లెట్ ఒక చేత్తో పైకెత్తి
రెండో చెయ్యీ రెండు మోకాళ్లూ ఆనించి
పాక్కుంటూ ఎక్కాను.

ఒక గీత వచ్చింది. పోయింది.
తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.
కింద నుంచి లుంగోవే
నా మోకాళ్లకేసి చూపిస్తూ
ఒకటే నవ్వు.